ఇరవై రెండు రోజులు తక్కువ

పదకొండో భాగం

రీవా లాయరు లేకుండానే దివాలా దరఖాస్తు వేసింది. పొద్దుటి ట్రిప్పుకీ సాయంత్రం ట్రిప్పుకీ మధ్య, మూడు వారాలు తను నడిపే స్కూలు బస్సు ఖాళీగా ఉన్నప్పుడు అందులో కూర్చుని తనే రాసుకుంది. మొగుడు డ్యూయీ పోతూ పోతూ వదిలిన ఆసుపత్రి బాకీల కింద నలిగిన మనిషి, ఇక కాస్త ఊపిరి పీల్చుకుంటుందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. మే నెలలో ఒక శుక్రవారం ఆర్విల్ కోంబ్స్ అని నా పేరున ఉత్తరం వచ్చింది. అప్పులవాళ్ళ తరఫున లెక్కలు చూసే ట్రస్టీ రాశాడు. కిందటేడు మే పన్నెండున రీవా నాకు తీర్చిన నాలుగు వేల మూడు వందల డాలర్లు నేను తిరిగి కట్టాలట. చుట్టానికి ముందు తీర్చి, మిగతావాళ్ళకు చేతులెత్తేయడం చట్టం ఒప్పుకోదట.

ఆ డబ్బు నా దగ్గర లేదు. అది కొండ మీద స్మశానంలో, నా భార్య ఓపల్ తల దగ్గర నిలబడి ఉంది.

శనివారం పొద్దున్నే లారెల్ వాగు దాటి రీవా ఇంటికి వెళ్ళాను. ఓపల్ చెల్లెలే అయినా, ఓపల్ పోయాక నేను ఆ ఇంటి మెట్లెక్కడం అదే మొదలు. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. మొక్కజొన్న రొట్టె పెనంలోంచి తీస్తోంది.

"ఏంటి బావా, పొద్దున్నే పన్నులవాడిలా దిగావ్?"

"చదువు."

చేతులు తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకుంది. రెండుసార్లు చదివింది. ఏ కాగితమైనా ఆమె రెండుసార్లు చదువుతుంది. మా ఇద్దరి చదువూ ఒకే ఒంటిగది బడిలో మొదలైంది. నేను దాన్ని అక్కడే వదిలేసి వచ్చాను. ఆమె వదల్లేదు.

"నిన్నెందుకు అడుగుతారు? అప్పు నాది, దివాలా నాది."

"నువ్వే రాశావుగా, నాకిచ్చానని."

"ఏడాది లోపల చుట్టాలకేమైనా ఇచ్చావా అని అడిగారు. ఇచ్చాను కాబట్టి రాశాను. ప్రమాణం చేసి సంతకం పెట్టే కాగితంలో దాచమంటావా?"

"దాచమన్లేదు. లాయర్ని పెట్టుకోమన్నాను."

"పదిహేను వందలడిగాడు ఒకడు. పదిహేను వందలుంటే దివాలా ఎందుకేస్తాను బావా?"

 

ఆ డబ్బు సంగతి చెప్పాలి. డ్యూయీ మూత్రపిండాలు పాడైన చలికాలంలో, కలప అమ్మిన డబ్బు వాళ్ళకు అప్పిచ్చాను. తర్వాత డ్యూయీ పోయాడు. ఆ మరుసటి ఫిబ్రవరిలో ఓపల్ పోయింది. శవపేటికల దుకాణం వాడు గుచ్చిన రేకు ముక్కే ఆమె గుర్తు. దాని మీద అంటించిన కాగితం ఏప్రిల్ వానలకు తడిసి పేరు కారిపోయింది. మే నెలాఖరు ఆదివారం మా కెంటకీ కొండల్లో ప్రతి కుటుంబమూ తన స్మశానానికి వెళ్తుంది. గడ్డి కోసి, పూలు పెట్టి, అక్కడే భోజనాలు చేస్తుంది. డెకరేషన్ అంటాం. ఆ రోజున మా వాళ్ళందరి ముందూ ఓపల్ పేరు లేకుండా పడుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. రీవాకు చీటీ రాశాను. ఆమె డ్యూయీ ట్రక్కు అమ్మి, కవరులో డబ్బు తెచ్చి ఇచ్చింది. ఆమె ఎదుటే నోట్లు లెక్కపెట్టుకున్నాను.

రాయి చెక్కే హోబర్ట్ ఆరు వేల నూరు అన్నాడు. నా దగ్గరున్నది నాలుగు వేల మూడు వందలే, అంతకు మించి పైసా ఇవ్వనన్నాను. కుదరదన్నాడు. నేను బయటికి వచ్చేశాను. మూడో రోజు వాడే ఫోన్ చేసి సరేనన్నాడు. బేరం చెయ్యడం రాకపోతే ఈ కొండల్లో ఎవడూ బతకలేడు.

"రాయి తీసేస్తారా బావా?" అంది రీవా.

"రాయి వాళ్ళకెందుకు? డబ్బడుగుతారు. నా ట్రక్కో, అడవి ముక్కో అమ్మి కట్టాలి."

ఆమె రొట్టె కోసి నా ముందు పెట్టింది. నేను తినలేదు. "సోమవారం మిస్ వెల్మా దగ్గరికి వెళ్తున్నాను. నువ్వూ రా. నీ కాగితాలు పట్టుకురా," అని లేచాను.

*

మిస్ వెల్మా నేపియర్ ఆఫీసు పట్నంలో చెప్పుల దుకాణం మీద ఉంది. డెబ్బై దాటిన మనిషి. వాళ్ళ నాన్నే మాకు అక్షరాలు నేర్పాడు. రీవా పది నిమిషాలు ఆలస్యంగా, చెమటలు కక్కుతూ వచ్చింది. బస్సు షెడ్డు నుంచి మైలున్నర నడిచింది. బడి బస్సును సొంత పనికి వాడదు. ఎవరూ చూడకపోయినా వాడదు.

మిస్ వెల్మా దరఖాస్తు మొదటి పేజీ నుంచి చదివింది. మధ్యలో ఒకచోట నవ్వింది.

"కోళ్ళు పద్నాలుగు. అందులో మూడు ముసలివి, గుడ్లు పెట్టవు. ఇదెవరు రాశారు?"

"నేనే."

"ఎవరూ సాయం చెయ్యలేదా?"

"గ్రంథాలయంలో పిల్ల ప్రింటు తీసిచ్చిందండీ. పేజీకి పది సెంట్లు తీసుకుంది."

మిస్ వెల్మా మళ్ళీ చదవసాగింది. ఇల్లు ఏ నియమం కింద దక్కుతుందో, కారు ఏ నియమం కింద దక్కుతుందో, డ్యూయీ పనిముట్లు దేని కింద రాయాలో రీవా గడి గడికీ సరిగ్గా నింపింది. ముప్పై ఒక్కమంది అప్పులవాళ్ళ పేర్లు, చిరునామాలు, ఖాతా నెంబర్లు. అంబులెన్సువాడికివ్వాల్సిన పదకొండు డాలర్లు కూడా వదల్లేదు. నేను మెచ్చుకున్న మనుషులు జీవితంలో చాలా తక్కువ. ఆ కాగితాలు తిరుగుతుంటే నా పక్కన కూర్చున్న మనిషిని కొత్తగా చూస్తున్నట్టు అనిపించింది. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి.

"నలభై ఆరేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను," అంది మిస్ వెల్మా. "ఇంత శుభ్రంగా రాసిన లాయర్లను చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ట్రక్కు ఆరు వేల అయిదు వందలకు అమ్మావు. ఇతనికి నాలుగు వేల మూడు వందలు. మిగతా రెండు వేల రెండు వందలు ఇంటి ఖర్చా?"

"ఇంటి ఖర్చే," అంది రీవా. కిటికీలోంచి బయటికి చూస్తూ.

"సరే. ఇతనికి ఎప్పుడిచ్చావు?"

"కిందటేడు మే పన్నెండు."

"దరఖాస్తు ఎప్పుడేశావు?"

"ఏప్రిల్ ఇరవై."

మిస్ వెల్మా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇంకో ఇరవై రెండు రోజులు ఆగి ఉంటే ఏడాది నిండేది. అప్పుడు ఆర్విల్‌ని అడిగే నాథుడు లేడు."

రీవా కాగితాలు తన వైపు తిప్పుకుంది. "ఆగమని ఎక్కడా రాసి లేదే. అన్ని పేజీలూ చదివాను."

"రాయరు. ఎప్పుడిచ్చావని అడుగుతారు, అంతే. లాయరుకిచ్చే డబ్బు రాతకు కాదు తల్లీ. రాత నాకన్నా నువ్వే బాగా రాశావు. ఎప్పుడు రాయకూడదో చెప్పినందుకు ఇస్తారు ఆ డబ్బు."

"అయితే వెనక్కి తీసుకుంటాను. చింపేస్తాను."

"నీ అంతట నువ్వు వెనక్కి తీసుకోలేవు. జడ్జి ఒప్పుకోవాలి. చుట్టాన్ని కాపాడటానికంటే ఒప్పుకోడు."

"నేనే నెలనెలా కడతాను బావ బదులు."

"కట్టు. మళ్ళీ అప్పుల్లో పడు. ఈ పద్నాలుగు కోళ్ళనూ మళ్ళీ లెక్కపెట్టుకుందాం."

నేను అడిగాను. "దారుందా, లేదా?"

"ఉంది. అది నీకు నచ్చదు." మిస్ వెల్మా నా వైపు తిరిగింది. "ఓపల్‌కీ నీకూ పిల్లలు లేరు కదా?"

ఆమెకు తెలుసు. అయినా అడిగింది.

"లేరు."

"పెళ్ళితో వచ్చిన చుట్టరికం పెళ్ళితోనే పోతుందని కొందరు జడ్జీలంటారు. భార్య పోయి, పిల్లలు లేకపోతే, ఆమె చెల్లెలు నీకేమీ కాదు. ఏమీ కాని మనిషికి తీర్చిన అప్పయితే, దరఖాస్తుకు ముందు తొంభై రోజులే తవ్వుతారు. దరఖాస్తు నాటికే నువ్వు తీసుకుని పదకొండు నెలలు దాటింది. నీ జోలికి రాలేరు."

కింద చెప్పుల దుకాణంలో ఎవరో పెట్టెలు దించుతున్నారు.

"మాటతోనే అయిపోదు. చుట్టాల్లా మెలిగారా అని అడుగుతాడు ట్రస్టీ. రాకపోకలు, భోజనాలు, పండగలు. నువ్వు ఈమెతో ఎంత కటువుగా ఉంటే మనకంత మంచిది."

రీవా పకపకా నవ్వింది. "దానికి మాత్రం మా బావకు సాక్షుల కొరత లేదండీ. వాగు ఈ పక్కంతా వచ్చి చెబుతారు."

మిస్ వెల్మా కాగితాల్లోంచి ఒక చీటీ లాగింది. నా చేతిరాత. రీవా దాన్ని కూడా దాచి జతపరిచింది. మిస్ వెల్మా పైకి చదివింది.

"'ఓపల్ తల మీద రేకు ముక్క ఉంది. డెకరేషన్ లోపు నా డబ్బు కావాలి. ఆర్విల్ కోంబ్స్.' రీవా అని పేరైనా లేదు, ఎలా ఉన్నావని లేదు. ఇంటిపేరుతో సహా సంతకం. ఇది బంగారం, ఆర్విల్. బాకీలు వసూలు చేసే కంపెనీలు కూడా ఇంతకన్నా మర్యాదగా రాస్తాయి."

అక్షరాలు నావే.

"ఒక సంగతి ముందే చెప్తున్నాను," అంది ఆమె. "మీ ఇద్దరికీ నేను లాయర్ని కాలేను. ఇతనికి మేలైంది ఆమెకు కీడు కావచ్చు. ఒకరి పక్కన కూర్చున్నాక రెండోవాళ్ళ పక్కకు జరగడానికి లేదు. ఎవరి పక్కన కూర్చోమంటారు?"

"నాకెందుకండీ?" అంది రీవా. "నేను చెప్పాల్సింది ఉన్నదున్నట్టు చెప్పడమే. దానికి మనిషిని పెట్టుకోవాలా? బావ పక్కన కూర్చోండి."

మిస్ వెల్మా ఆమెను కాసేపు అలాగే చూసింది. తర్వాత నాతో అంది. "ఆరు వందలు. నీకు గనక."

చెక్కు రాశాను.

మెట్లు దిగుతుంటే రీవా నా మోచేయి పట్టుకుంది. "అనేసెయ్ బావా. నేను నీకేమీ కానని అనేసెయ్. మాటేగా. అక్క దగ్గర ఆ రాయి నీ అడవి ముక్క మింగకుండా ఉంటే చాలు."

"నిన్నడిగితే?"

"నన్నడిగితే బావనే చెప్తాను. నాకు వేరే మాట నోట్లోకి రాదు."

*

గురువారం. డెకరేషన్‌కు మూడు రోజులుంది.

కోర్టు భవనం కింది అంతస్తులో కిటికీల్లేని గది. జడ్జి ఉండడు. పొడుగాటి బల్ల, దాని మీద మాటలు రికార్డు చేసే చిన్న యంత్రం. వెనక బెంచీల మీద తమ వంతు కోసం చూస్తున్న మిగతా దివాలావాళ్ళు, అందరూ ఆదివారం బట్టల్లో. ట్రస్టీ ప్రూయిట్‌కు నలభై ఉంటాయి. జలుబు చేసిన మనిషి. మర్యాదస్తుడు. మర్యాదస్తుల దగ్గరే నాకు భయం.

బల్లకు ఒక పక్క నేనూ, మిస్ వెల్మా. ఎదుటి పక్క రీవా. ఆమె పక్క కుర్చీ ఖాళీ.

ప్రమాణం చేయించాడు. ముందు ఆమెను అడిగాడు.

"ఆర్విల్ కోంబ్స్ మీకేమవుతారమ్మా?"

"మా బావ."

"మీ అక్కగారు చనిపోయారు కదా?"

"అక్క పోయింది. బావెక్కడికి పోతాడు? ఇదిగో, ఇక్కడే కూర్చున్నాడుగా."

వెనక బెంచీల్లో ఎవరో నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. ప్రూయిట్ కూడా కాగితంలోకి చూస్తూ పెదవి బిగించాడు.

తర్వాత నా వంతు. ఆ ప్రశ్న అడగబోతుంటే మిస్ వెల్మా అడ్డుపడింది. చుట్టరికం ఉందో లేదో చట్టం తేల్చాలి, నా క్లయింటు కాదు, అంది. సరే, వేరేలా అడుగుతానన్నాడు.

"ఈ ఏడాదిలో రీవా ఫ్యూగేట్ ఇంట్లో ఎప్పుడైనా భోజనం చేశారా?"

"లేదు."

"ఆమె మీ ఇంట్లో?"

"గుమ్మం దాటి లోపలికి రాలేదు."

"క్రిస్మస్‌కు కలిశారా?"

"లేదు."

అన్నీ నిజాలే. ప్రమాణం మీద ఒక్క అబద్ధం చెప్పలేదు. మిస్ వెల్మా నా చీటీ బల్ల మీద ముందుకు జరిపింది. ప్రూయిట్ చదివి, కనుబొమలు పైకెత్తి, రాసుకున్నాడు. మిస్ వెల్మా మోకాలు బల్ల కింద నా మోకాలిని తట్టింది. గెలిచామని అర్థం.

రీవా ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె ముఖంలో నింద లేదు. నా కోసం సంతోషిస్తోంది. అది నేను భరించలేకపోయాను.

"ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అన్నాడు ప్రూయిట్. అందరినీ అడిగే ప్రశ్న. లేదు అంటే సరిపోయేది.

"పళ్ళెం," అన్నాను.

"ఏమిటండీ?"

"ఆదివారం పళ్ళెం. చర్చి అయ్యాక తెచ్చి నా వరండాలో పెడుతుంది. మూత మీద రాయి పెడుతుంది, కుక్కలు ముట్టకుండా. ఓపల్‌ను పూడ్చిన వారం నుంచి. ఒక్క ఆదివారం తప్పలేదు. మార్చిలో వాగు పొంగి వంతెన కొట్టుకుపోతే రైలు పట్టాల మీదుగా చుట్టూ తిరిగి వచ్చింది. కోడి వేపుడు, చిక్కుళ్ళు, ఎండు ఆపిళ్ళ దొంతర కేకు. నేను కిటికీ వెనక నిలబడి ఆమె వెళ్ళేదాకా చూస్తాను. తర్వాత తింటాను. మొత్తం తింటాను. సోమవారం పళ్ళెం కడిగి ఆమె ఉత్తరాల డబ్బా మీద పెడతాను. థాంక్స్ అని ఎప్పుడూ చెప్పలేదు."

మిస్ వెల్మా నెమ్మదిగా ఫైలు మూసింది.

"ఆమె నా మరదలు," అన్నాను. "రాసుకోండి."

ప్రూయిట్ రాసుకున్నాడు. "ఆరు వందలు నీళ్ళలో పోశావు," అని మిస్ వెల్మా నా చెవిలో అంది. ఆ గొంతులో కోపం లేదు. రీవా కళ్ళజోడు తీసి ఆదివారం గౌనుకు ఎక్కడ తుడవాలో తెలియనట్టు చేతిలో తిప్పుతోంది. అడవి ముక్క అమ్మాలి. అమ్ముతాను. ఏడాది తర్వాత మొదటిసారి నా ఛాతీ తేలికగా ఉంది.

"అయితే రాయి సంగతి ముగిద్దాం," అన్నాడు ప్రూయిట్. "మీరు హోబర్ట్‌కు ఎంతిచ్చారు?"

"నాలుగు వేల మూడు వందలు."

"ఆయన పుస్తకం నకలు తెప్పించాను. అందులో ఆరు వేల నూరు జమ అయింది."

"తప్పు రాశాడు. బేరమాడి దించాను."

"రెండు జమలున్నాయండీ. ఒకటి మీది. ఇంకోటి పద్దెనిమిది వందలు, నగదు, మే పదిహేను." కాగితం తిప్పి నా ముందు పెట్టాడు. "ఇచ్చినవాళ్ళ పేరు రాసి ఉంది."

నేను చూడక్కర్లేకపోయింది. మూడో రోజు. వాడే ఫోన్ చేశాడు. ఏడాదిగా ఎదురైన ప్రతివాడికీ ఆ బేరం గురించి గొప్పగా చెప్పాను. చర్చి మెట్ల మీద చెప్పాను. రీవా ముందు చెప్పాను. నీలాంటి మొండివాణ్ణి హోబర్ట్ చూసి ఉండడు బావా, అంది ఆమె అప్పుడు.

ప్రూయిట్ ఆమె వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "అమ్మా, ట్రక్కు డబ్బులో మిగిలింది ఇంటి ఖర్చని రాశారు. రెండేళ్ళ లోపల ఇచ్చిన కానుకలు అన్న చోట ఏమీ లేదని రాశారు. కింద ప్రమాణం చేసి సంతకం పెట్టారు."

అంబులెన్సువాడి పదకొండు డాలర్లు వదలని మనిషి. గుడ్లు పెట్టని కోళ్ళను వదలని మనిషి. ఆ కాగితాలన్నిటిలో ఒకే ఒక్కచోట దాచింది. దాచింది నా నుంచి.

"జవాబు చెప్పకండి," అన్నాడు ప్రూయిట్. "ఇది చిన్న విషయం కాదు. దీనితో మీ దివాలా మొత్తం పోవచ్చు, బాకీలన్నీ మళ్ళీ మీ మీద పడొచ్చు. వారం గడువిస్తాను. లాయర్ని పెట్టుకోండి."

నేను మిస్ వెల్మా వైపు తిరిగాను. "అటు జరగండి."

"జరగలేను ఆర్విల్."

"డబ్బు నాదే. ఆమె కోసం ఇచ్చాననుకోండి."

"సోమవారమే చెప్పాను. నీ పక్కన కూర్చున్నాను. ఇక ఆమె పక్కన కూర్చోలేను." ఆ ముసలి మనిషి కళ్ళు దించుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

రీవా పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

లేచాను. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి అందులో కూర్చున్నాను. నాకు చట్టం రాదు. ఆమె నా వైపు చూడలేదు. వంకర రోడ్డు మీద బస్సు తిప్పబోయే ముందు కూర్చున్నట్టు వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

ప్రూయిట్ రికార్డు యంత్రం మీదికి చెయ్యి చాచాడు.

"ఆపకండి," అంది రీవా. "నడవనివ్వండి. ఉన్నదున్నట్టు చెప్తాను."